వాల్యూమ్ తగ్గించి కొనాల్సిన వస్తువు

బ్లూటూత్ స్పీకర్ కొనాలనుకునేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్స్ తీసుకోవాలి?" రెండోది "బాస్ బాగుంటుందా?" ఈ రెండూ పెళ్ళి పందిట్లో పెట్టే పెట్టెల గురించి అడగాల్సినవి. అరచేతిలో పట్టే స్పీకర్ని ఎవరూ పందిట్లో పెట్టరు. వంటింటి గట్టు మీద, మంచం పక్కన స్టూలు మీద, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళయితే ల్యాప్‌టాప్ పక్కన పెడతారు. మనిషికీ దానికీ మధ్య దూరం మహా అయితే నాలుగైదు అడుగులు. అంత దగ్గర్లో, పక్క గదిలో పడుకున్నవాళ్ళు లేవకుండా, ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తుందా లేదా అన్నదే దానికి అసలు పరీక్ష. కాబట్టి చిన్న స్పీకర్ని ఫుల్ సౌండ్‌లో కాదు, బాగా తగ్గించి విని కొనాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే గుజరాతీ గల్లీలో సరిగ్గా దీనికి ఎదురు పద్ధతి నడుస్తుంది. కౌంటర్ దగ్గరి కుర్రాడు స్పీకర్ని బయటికి తీసి, తన ఫోన్లోంచి ఏదో తీన్‌మార్ పాట పెట్టి, సౌండ్ చివరిదాకా పెంచుతాడు. "సూడన్నా, దుకాణం ఊగుతది" అంటాడు. అతన్ని తప్పుపట్టలేం. బయట ఆటోల హారన్లు, పక్క దుకాణంలో ఇంకెవరో టెస్ట్ చేస్తున్న ఇంకో స్పీకరు. వాటన్నిటినీ దాటి వినపడాలంటే పెంచాల్సిందే. "జర తగ్గించు భయ్యా, వార్తలు పెట్టి వింటా" అన్నాను. "మాటలు వినేతందుకు ఫోన్ ఉంది కదన్నా, గీ స్పీకర్ దేనికి?" అన్నాడు.

వెటకారమే అయినా మంచి ప్రశ్న. నిజంగానే, ఫోన్ ఉండగా స్పీకర్ దేనికి?

మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్ళ గొంతు మూల శ్రుతి సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనలు) మధ్య, ఆడవాళ్ళది 165 నుంచి 255 మధ్య ఉంటుంది. ఫోన్లో ఉండే వేలిగోరంత స్పీకర్ ఆ కింది భాగాన్ని దాదాపు పలికించలేదు. పైనున్న శ్రుతులను బట్టి మన మెదడే మిగతాది ఊహించుకుంటుంది. పాత ల్యాండ్‌లైన్లు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసుకొచ్చేవి. అయినా "హలో" అనగానే అవతల ఉన్నది బాబాయో మావయ్యో తెలిసిపోయేది. మనిషిని గుర్తుపట్టడానికి అది చాలు. గంటసేపు ప్రవచనం వినాలన్నా, వంట చేస్తూ పాత పాటలు వినాలన్నా చాలదు, చెవి అలిసిపోతుంది. ఫోన్ మింగేసిన ఆ నిండుతనాన్ని వెనక్కి తేవడమే చిన్న స్పీకర్ పని. అంతకుమించి దాన్నుంచి ఏం అడిగినా మనం కోరి మోసపోతున్నట్టే.

ఎందుకంటే లోపల ఊగి శబ్దం పుట్టించే గరాటు లాంటి పొర, అంటే కోను, సైజు అంత. శ్రుతి సగానికి దిగినప్పుడు కూడా శబ్దం అంతే గట్టిగా రావాలంటే కోను ముందుకీ వెనక్కీ నాలుగింతలు ఎక్కువ ఊగాలి. బాస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. జేబీఎల్ గో 3 లాంటి 4.2 వాట్స్ అరచేతి స్పీకర్‌కు కంపెనీయే ఒప్పుకునే కింది హద్దు 110 హెర్ట్జ్. ఆ సైజు కోనుతో అంతకు బాగా దిగువకి పోవడం కష్టం. మరి దుకాణంలో వినిపించిన ఆ దుబ్ దుబ్ ఏంటి? స్పీకర్ పక్కల్లోనో వెనకో రబ్బరు అంచుతో ఒక పొర ఊగుతూ కనిపిస్తుంది చూడండి, దాన్ని పాసివ్ రేడియేటర్ అంటారు. దానికి కరెంటు తీగలుండవు, లోపలి గాలి ఒత్తిడికే ఊగుతుంది. ఉన్నంతలో కింది శ్రుతులకు కొంత సాయం చేస్తుంది. మంచి వస్తువే. కానీ చవక స్పీకర్లలో దీన్ని అడ్డం పెట్టుకుని, బాస్‌కి కాస్త పైనుండే ఒక ముక్కను లోపలి చిప్‌తో ఉబ్బిస్తారు. డీజే పాటలో అది జోరుగానే ఉంటుంది. అదే స్పీకర్లో మగ గొంతుతో వార్తలు పెట్టండి, బిందెలో తల పెట్టి చదువుతున్నట్టుంటుంది. ఆ కుర్రాడు వార్తలు పెట్టడానికి ఎందుకు ఇష్టపడలేదో అప్పుడు అర్థమవుతుంది.

ఇక వాట్స్. ఈ లెక్క పెట్టె మీదే తేలిపోతుంది, కాగితం పెన్ను కూడా అక్కర్లేదు. 10 వాట్స్, 1,500 ఎంఏహెచ్ బ్యాటరీ, 12 గంటల ప్లేటైమ్ అని రాసుందనుకోండి. లోపల ఉన్నది ఒక్క లిథియం సెల్ అయితే దాని వోల్టేజీ 3.7. 1,500 ఎంఏహెచ్ అంటే ఒకటిన్నర ఆంపియర్-అవర్లు, దాన్ని 3.7తో గుణిస్తే దాదాపు ఐదున్నర వాట్-అవర్లు. నిజంగా ఆపకుండా 10 వాట్స్ లాగితే అరగంటకల్లా బ్యాటరీ చేతులెత్తేస్తుంది. 12 గంటలు రావాలంటే సగటున అర వాట్ కూడా వాడకూడదు. పాట మొత్తం ఒకే జోరులో ఉండదు, సగటు ఎప్పుడూ తక్కువే, ఆ సంగతీ నిజమే. అయినా ఒకటి మాత్రం తేలింది కదా: 10 వాట్స్ మాట, 12 గంటల మాట ఒకే పూట నిజం కావు. పన్నెండు గంటలు మోగించి చూసినప్పుడు కంపెనీవాళ్ళు కూడా సౌండ్ తగ్గించే పెట్టారు. మనం ఇంట్లో వినేదీ ఆ అర వాట్ దగ్గరే. మరి దుకాణంలో మాత్రం చివరి గీత దగ్గర ఎందుకు వినాలి?

పైగా వాట్స్ రెట్టింపైతే శబ్దం (దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు) పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు సౌండ్ అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల వాట్స్. 5 వాట్స్ స్పీకర్‌కీ 8 వాట్స్ స్పీకర్‌కీ ఉన్న తేడా 2 డెసిబెల్స్. ఆ రెండు డెసిబెల్స్ కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఎమ్మార్పీ నాలుగు వేల చిల్లర కొట్టేసి తొమ్మిది వందలకి అమ్మే రకాల్లో అయితే ఆ వాట్స్ ఏ రకం వాట్సో కూడా రాయరు. ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే వాట్స్) అని స్పష్టంగా ఉంటే కొంత నమ్మొచ్చు, 'పీక్' (క్షణంపాటు అందుకునే గరిష్ఠం) అని ఉంటే ఆ అంకెను పట్టించుకోకండి.

తగ్గించి వినమనడానికి ఇంకో కారణం మన చెవి. 1933లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఒక సంగతి కొలిచి చూపించారు: శబ్దం తగ్గేకొద్దీ మన చెవి కింది శ్రుతులను మరీ ఎక్కువగా వదిలేస్తుంది. అంటే సౌండ్ పెంచినప్పుడు ఏ స్పీకరైనా నిండుగానే అనిపిస్తుంది. తగ్గించినప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది. శ్రద్ధగా తయారుచేసినవాటిలో లోపలి చిప్ ఈ లెక్క ప్రకారం సర్దుతుంది, వాల్యూమ్ తక్కువున్నప్పుడు కింది శ్రుతులను కొంచెం ఎత్తి, పెంచేకొద్దీ దించుతుంది. కోను చిరిగినట్టు అరవకుండా ఉండేదీ అందుకే. ఒకే ధరలో ఉన్న రెండు స్పీకర్ల మధ్య తేడా ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. పెట్టె మీద దీని గురించి ఒక్క ముక్క ఉండదు.

పెట్టె మీద ఉండనివి ఇంకా ఉన్నాయి. మాది పద్మారావునగర్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్. పక్క ఫ్లాట్‌లో ఇంటర్ చదివే పిల్ల. ఆ ఇంట్లో కుక్కర్ విజిల్ మాకు, మా ఇంట్లో దగ్గు వాళ్ళకు వినిపిస్తాయి. తెల్లవారుజామున ఐదింటికి మా అమ్మ ప్రవచనం పెట్టుకుంటుంది. అప్పట్లో మా ఇంట్లో ఉన్న స్పీకర్ని ఆన్ చేయగానే ఎవరో విదేశీ ఆవిడ "పవర్ ఆన్" అని కారిడార్‌లోకి వినిపించేలా ప్రకటించేది. ఫోన్ కలవగానే మళ్ళీ ఇంకో ప్రకటన. ఛార్జింగ్ అయిపోవస్తే ప్రవచనం మధ్యలో ఆగి ఆగి "బ్యాటరీ లో" అని అరుపు. ఆ గొంతుకీ వాల్యూమ్ బటన్‌కీ ఏ సంబంధమూ లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "అది ఫీచర్ సర్" అన్నారు. అమ్మ ఆ స్పీకర్ని దుప్పట్లో చుట్టి ఆన్ చేసి, పలకరింపులన్నీ అయ్యాక బయటికి తీసేది. కాబట్టి దుకాణంలో ముందు స్పీకర్ని ఆఫ్ చేసి, మళ్ళీ ఆన్ చేయించి వినండి. ఆ ప్రకటనను ఆపే వీలు యాప్‌లోనో బటన్లతోనో ఉందేమో అడగండి. కొన్ని మోడళ్ళలో ఉంటుంది.

తర్వాత చూడాల్సింది వాల్యూమ్ మొదటి మెట్టు. ఆండ్రాయిడ్ ఫోన్లలో మామూలుగా మీడియా వాల్యూమ్‌కి 15 మెట్లుంటాయి. కొన్ని స్పీకర్లు మొదటి మెట్టు దగ్గరే రాత్రిపూటకి ఎక్కువైపోతాయి, దాని కింద ఇక సున్నా. అలాంటిది ఇప్పటికే కొనేసి ఉంటే ఒక ఉపాయం ఉంది. ఫోన్ సెట్టింగ్స్‌లో మామూలుగా దాచి ఉండే డెవలపర్ ఆప్షన్స్‌లో 'డిజేబుల్ ఆబ్సల్యూట్ వాల్యూమ్' అని ఉంటుంది. అది ఆన్ చేస్తే చాలా స్పీకర్లలో ఫోన్ వాల్యూమ్, స్పీకర్ వాల్యూమ్ విడిపోతాయి. స్పీకర్‌ది బాగా దించి, ఫోన్‌ది మనకు కావలసినట్టు పెట్టుకోవచ్చు. ఇంకో జబ్బు, శబ్దం బాగా సన్నగిల్లగానే 'ఏమీ మోగట్లేదు' అనుకుని స్పీకర్ తనంతట తానే నోరు మూసుకోవడం. మళ్ళీ శబ్దం రాగానే లేస్తుంది కానీ ఈలోపు మొదటి అక్షరం మింగేస్తుంది. సినిమా పాటల్లో ఇది తెలియదు. ఆలాపన వినేవాళ్ళకీ, ఆగి ఆగి మాట్లాడే ప్రవచనకారుల్ని వినేవాళ్ళకీ పిచ్చెక్కుతుంది.

కాబట్టి దుకాణానికి వెళ్ళేటప్పుడు మీ ఫోన్లోనే మూడు సిద్ధం చేసుకోండి. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు, ఒక వీణో వేణువో. వాల్యూమ్ మూడో వంతు దాటనివ్వకండి. గల్లీ గోలలో ఇది కుదరదు కాబట్టి మెట్ల దగ్గరికో, వెనక గదిలోకో తీసుకెళ్తానని అడగండి. కొందరు ఒప్పుకుంటారు, కొందరు మన మొహం చూసి ఇంకో కస్టమర్ వైపు తిరుగుతారు. పని రోజుల్లో పొద్దున్నే పెద్ద షోరూమ్‌కి వెళ్తే డిస్‌ప్లేలో ఉన్నవాటిని ప్రశాంతంగా వినొచ్చు. ఆన్‌లైన్‌లో కొనేటట్టయితే డబ్బు వాపసు ఉందా, వస్తువు మార్చి ఇవ్వడం మాత్రమేనా అన్నది ముందే చదవండి. 'సౌండ్ నచ్చలేదు' అంటే మార్చి ఇచ్చేదీ అదే సౌండ్ కదా. వినేటప్పుడు స్పీకర్ని ఒకసారి గోడకి ఆనించి, ఒకసారి మధ్యలో పెట్టి వినండి. గోడ మూలన పెడితే కింది శ్రుతులు ఊరికే కొంత పెరుగుతాయి, దానికి పైసా ఖర్చు లేదు.

మిగతా అంకెల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కోడెక్ (పాటను కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతి) చర్చ ఈ సైజులో దండగ. బ్లూటూత్‌లో పాటలు మోసే దాదాపు ప్రతి పరికరంలోనూ ఎస్‌బీసీ అనే మామూలు కోడెక్ ఉంటుంది, అంత చిన్న కోనుకి అదే ఎక్కువ. ఎల్‌డాక్ లాంటి మెరుగైన కోడెక్ ఉందని ఎక్కువ డబ్బు పెట్టకండి. స్టీరియో కూడా అంతే, రెండు కోన్ల మధ్య జానెడు దూరం లేనప్పుడు కుడీ ఎడమా ఏం తెలుస్తాయి? మన పాత పాటలైతే రికార్డు చేసిందే మోనోలో. నీటి సంగతి మాత్రం కాస్త చూడండి. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట తట్టుకుంటుందని. మధ్యలో ఎక్స్ అంటే దుమ్ము పరీక్ష లెక్కలో లేదని, దుమ్ముకి ఆగదని కాదు. ఐపీ67లో 6 దుమ్ముకి సంబంధించింది. మెట్రో పనులో, ఫ్లైఓవర్ పనులో ఏళ్ళ తరబడి నడిచే మన ఊళ్ళో నేనైతే ఆ 6 ఉన్నదే చూస్తాను. నీళ్ళలో మునిగి బతికిన స్పీకర్ ధారను తట్టుకోవాలని రూలు లేదు, అది వేరే పరీక్ష. కాబట్టి నల్లా కింద పెట్టి కడగొద్దు. పోపు ఆవిరి, నూనె జిడ్డు ఈ పరీక్షలు వేటిలోనూ లేవు. పొయ్యికి దూరంగా పెట్టుకోండి.

బ్యాటరీ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ స్పీకర్లు చచ్చేది దానివల్లే. లిథియం సెల్‌కి వేడి పడదు, నిండా ఛార్జ్ అయి ఉన్నప్పుడు వేడి అసలు పడదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసి, తర్వాత "ఏడాదికే గంట కూడా రావట్లేదు" అంటే ఏం లాభం. ఛార్జింగ్ పాయింట్ టైప్-సి అని చూసి మురిసిపోకండి, కొన్ని చవక రకాలు రెండు వైపులా సి ఉన్న కేబుల్‌తో అసలు ఛార్జ్ కావు. లోపల రెండు చిన్న రెసిస్టర్లు మిగుల్చుకుంటారు, అంతే. మీ ఫోన్ ఛార్జర్, కేబుల్ వెంట తీసుకెళ్ళి అక్కడే పెట్టి చూడండి. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి వస్తువుల బ్యాటరీని వాడేవాళ్ళే మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు. ఆ పుణ్యం మన దాకా ఎప్పుడొస్తుందో గానీ, ఈలోపు సెల్ ఉబ్బితే కోఠీలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకు కూర్చున్న మేస్త్రీలే దిక్కు. బ్లూటూత్ స్పీకర్లకు మన దేశంలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్టె మీద 'ఆర్'తో మొదలయ్యే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరి పేరు మీదుందో వస్తుంది. దుకాణంలో నిలబడి ఈ పని చేస్తే వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఏ కంపెనీ అని అడిగితే నా దగ్గర ఒక్క పేరు లేదు. జేబీఎల్ అమెరికాదే అయినా దాని సొంతదారు హర్మన్‌ను 2017లో శాంసంగ్ కొనేసింది. మివి మన హైదరాబాద్‌లోనే పుట్టిన కంపెనీ, స్పీకర్లను ఇక్కడే తయారుచేస్తుంది. ఊరి అభిమానంతో దాన్నీ ఒకసారి వినమంటాను, వినకుండా కొనమనను. పెద్దవాళ్ళ కోసమైతే కార్వాన్ అని సారెగామా వాళ్ళు 2017లో తెచ్చిన పెట్టె ఉంది. ఐదు వేల పాటలు అందులోనే ఉంటాయి, ఫోన్ అక్కర్లేదు. మా అమ్మకు అది ఎందుకు కొనలేదంటే ఆవిడకి ఎప్పుడు ఏ పాట వస్తుందో తెలియకుండా ఉండటమే ఇష్టం, అంటే రేడియో. వివిధభారతి 102.8 ఇంట్లో రావాలంటే స్పీకర్‌కి నిజమైన ఎఫ్ఎం ఉండాలి. ఉన్నవాటిలో కూడా చాలా రకాలకు యాంటెన్నా ఉండదు, ఛార్జింగ్ వైరునే యాంటెన్నాగా వాడుకుంటాయి. వైరు గుచ్చితే వస్తుంది, తీస్తే గరగర. కిటికీ పక్కన పెట్టి చూసుకోవాలి.

తగ్గించి వినమంటుంటే "ఇది నీ చాదస్తం, డబ్బులు పెట్టి కొనేది గట్టిగా వినడానికే" అని మా బావమరిది అంటాడు. వాడితో ఇందిరా పార్కుకి వాకింగ్‌కి వెళ్తే జేబులో స్పీకర్ మోగుతూ ఉంటుంది. ఎదురుగా వచ్చే ఇంకో ఆయన జేబులో భక్తి పాటలు. ఇద్దరూ దాటుకునేటప్పుడు మధ్యలో ఉన్నవాడి గతి ఏంటో నాకు తెలుసు. ఆరుబయట శబ్దాన్ని తిరిగి పంపే గోడలుండవు, దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. అందుకే వాడు పెంచుతాడు, పెంచగానే చిన్న కోను చిరుగుతుంది. పెట్టినవాడికీ సుఖం లేదు, పక్కవాడికీ లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకి పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా బావమరిదే. జేబులో డీజేకి మాత్రం ఆ లెక్క వర్తించదట.

వాడి మాటలో ఒక్క న్యాయముంది. పదిమంది కలిసి అనంతగిరి కొండలకి వెళ్తేనో, డాబా మీద పుట్టినరోజు చేస్తేనో అరచేతి స్పీకర్ చాలదు. అలాంటి అవసరం తరచుగా ఉన్నవాళ్ళు 20, 30 వాట్స్ సైజు పెద్దవి చూడండి. బరువు ఎక్కువ, ధర ఎక్కువ, కానీ కోను నిజంగానే పెద్దది. నలుగురు కలిసి డబ్బులేసుకుని ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. చిన్నవే రెండు కొని జత చేద్దామనుకుంటే మాత్రం ఒకే మోడల్‌వి రెండూ ఒకేసారి కొనండి. వేరే కంపెనీవి సాధారణంగా కలవవు. ఒకే కంపెనీలో కూడా కొత్త మోడల్ పాతదాంతో కలుస్తుందన్న నమ్మకం లేదు. ఏడాది ఆగి రెండోది తీసుకుందామంటే అప్పటికి ఆ మోడలే దొరక్కపోవచ్చు.